రక్షణ శాఖ గ్రాంటు సబ్సిడీ కాదు: షెడ్డు నడిపేవాళ్లు సంతకానికి ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

మిర్యాలగూడ రోడ్డులో మా చిన్నమ్మ కొడుక్కి ఒక షెడ్డు ఉంది. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న, కంప్యూటర్‌తో నడిచే ఒక సీఎన్‌సీ మెషిన్. రైస్ మిల్లులకు బకెట్ ఎలివేటర్లు, షాఫ్టులు, పుల్లీలు చేసిస్తాడు. వరి కోతలకు ముందు రెండు నెలలు రాత్రింబవళ్లు పని, మిగతా ఏడాదంతా ఈఎంఐల టెన్షన్. పోయినేడు ఒకరోజు ఫోన్ చేసి, "అన్నా, మిలిటరీకి పనికొచ్చే వస్తువు తయారు చేస్తే గవర్నమెంటు కోటిన్నర ఇస్తదంట గదా, ఒకాయన ఫైలు వేయిస్తా అంటున్నడు, లక్ష అడ్వాన్స్ అడుగుతున్నడు, ఇయ్యాల్నా?" అన్నాడు.

ఇవ్వొద్దు అని చెప్పాను. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఎవరికి వాళ్లే వేసుకోవచ్చు, మధ్యలో మనిషి అవసరం లేదు. కానీ వాడు అడిగిన రెండో ప్రశ్నకు ఫోన్‌లో జవాబు చెప్పలేకపోయాను. "మరి ఆ కోటిన్నర ఎప్పుడొస్తది?" అన్నాడు. బాలానగర్‌లో టూల్‌రూమ్ పని, ఆ తర్వాత రక్షణ సంస్థలకు విడిభాగాలు సరఫరా చేసే కంపెనీలో కాగితాల పని చేసినవాణ్ని, నాకే దీన్ని ఒక్క ముక్కలో చెప్పడం రాలేదు. ఆ ఆదివారం వాడి షెడ్డులో కూర్చొని చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నల్లగొండలో, సూర్యాపేటలో, షాద్‌నగర్ వైపు, చౌటుప్పల్ దగ్గర దండుమల్కాపురం పార్కులో ఇలాంటి షెడ్డులు చాలా ఉన్నాయి, వాటిల్లో పనితనమూ ఉంది, కానీ డబ్బు విషయంలో అందరిదీ ఒకటే పొరపాటు.

ఆ పొరపాటు గ్రాంటు అనే మాట దగ్గరే మొదలవుతుంది. మనకు తెలిసింది సబ్సిడీ. డ్రిప్ పైపులు వేసుకుంటే ఇంత శాతం, మెషిన్ కొంటే జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా ఇంత శాతం. అక్కడ వస్తువు ఆల్రెడీ షాపులో ఉంది, దాని ధర తెలుసు, మనం కొన్నాక ప్రభుత్వం కొంత భారం తీసుకుంటుంది, అంతటితో లెక్క ముగిసిపోతుంది. రక్షణ రంగంలో ఇచ్చే డెవలప్‌మెంట్ గ్రాంటు దీనికి పూర్తిగా వేరు. ఇంకా పుట్టని వస్తువు కోసం ఇచ్చే డబ్బు అది. ఎంత ఖర్చవుతుందో ఎవరికీ కచ్చితంగా తెలియదు, అసలు తయారవుతుందో లేదో కూడా తెలియదు, కాబట్టి నష్టపోయే అవకాశంలో సగం ప్రభుత్వం మోస్తుంది, మిగతా సగం నువ్వు మోయాలి అని ముందే ఒప్పందం రాసుకుంటారు. మన సగం జేబులో లేకుండా ఈ ఒప్పందంలోకి దిగితే ప్రభుత్వం సగం చేతికొచ్చేలోపు షెడ్డుకు తాళం పడుతుంది. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఇక ఎవరు ఇస్తారు, ఎంత ఇస్తారు అన్నది. చిన్నవాళ్లకు తెరిచి ఉన్న పెద్ద గుమ్మం ఐడెక్స్, రక్షణ రంగంలో కొత్త వస్తువుల తయారీకి చేయూతనిచ్చే కేంద్ర పథకం. 2018 ఏప్రిల్‌లో చెన్నై డిఫెన్స్ ఎక్స్‌పోలో ప్రధాని ప్రారంభించారు. దీన్ని నడిపేది డిఫెన్స్ ఇన్నోవేషన్ ఆర్గనైజేషన్. ఇది విమానాలు చేసే ప్రభుత్వ సంస్థ హాల్, ఎలక్ట్రానిక్స్ చేసే ప్రభుత్వ సంస్థ బెల్ కలిసి పెట్టిన లాభాపేక్ష లేని కంపెనీ. సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్, కోస్ట్‌గార్డ్, రక్షణ ప్రభుత్వ రంగ సంస్థలు తమ సమస్యలను బయటపెడతాయి. మాకు ఫలానా చోట ఫలానా పని చేసే పరికరం కావాలి, ఎవరైనా చేయగలరా అని. దీనికి డిస్క్ అని పేరు, విడతలు విడతలుగా వస్తుంది. సమస్య వాళ్లు చెప్పకపోయినా మన ఆలోచన మనమే తీసుకెళ్లడానికి ఓపెన్ ఛాలెంజ్ అని ఇంకోటి ఉంది. ఎంపికైతే స్పార్క్ పేరుతో కోటిన్నర వరకు గ్రాంటు. "వరకు" అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే వచ్చేది మొత్తం డెవలప్‌మెంట్ ఖర్చులో సగానికి మించదు. పెద్ద పనులకు ఐడెక్స్ ప్రైమ్ ఉంది, అందులో 10 కోట్ల వరకు. 2024 మార్చిలో అదితి అని మరో పథకం తెచ్చారు, 750 కోట్ల కేటాయింపుతో, ఒక్కో ప్రాజెక్టుకు 25 కోట్ల వరకు, కానీ అది లోతైన టెక్నాలజీ పనులకు, మన షెడ్డు స్థాయి కాదు.

రెండో గుమ్మం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్ల టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్, అందరూ టీడీఎఫ్ అంటారు. ఇక్కడ లెక్క వేరు. ప్రాజెక్టు ఖర్చులో 90 శాతం వరకు వాళ్లే పెడతారు, ఒక్కో ప్రాజెక్టు పరిమితిని 2022లో 10 కోట్ల నుంచి 50 కోట్లకు పెంచారు. వినడానికి ఇదే బాగుంది కదా, సగం పెట్టే ఐడెక్స్ ఎందుకు అని మావాడు వెంటనే అడిగాడు. తేడా సొంతదారు దగ్గర ఉంది. టీడీఎఫ్‌లో పుట్టిన మేధోహక్కు, అంటే ఆ డిజైన్ మీద, టెక్నాలజీ మీద యాజమాన్యం, డీఆర్‌డీవోకూ మనకూ ఉమ్మడి. ఐడెక్స్‌లో హక్కు తయారుచేసినవాడి దగ్గరే ఉంటుంది, కొన్ని పరిస్థితుల్లో ప్రభుత్వం జోక్యం చేసుకునే అధికారం ఉంచుకుంటుంది. రేపు ఆ వస్తువునే కొద్దిగా మార్చి మైనింగ్ కంపెనీకో, పోలీసు శాఖకో అమ్ముకోవాలనుకునేవాడికి ఈ తేడా చాలా పెద్దది. పైగా టీడీఎఫ్‌లో అడిగేది ఎక్కువగా ఒక పెద్ద వ్యవస్థలో కూర్చునే భాగం, ఒక టెక్నాలజీ. ఐడెక్స్‌లో అడిగేది సైనికుడి చేతికి వెళ్లే వస్తువు.

మూడోది మేక్ పద్ధతి, రక్షణ కొనుగోళ్ల నియమావళి అయిన డిఫెన్స్ అక్విజిషన్ ప్రొసీజర్ 2020లో ఉంది. మేక్-1లో ప్రోటోటైప్ (తొలి నమూనా) ఖర్చులో 70 శాతం వరకు, 250 కోట్ల పరిమితితో ప్రభుత్వం పెడుతుంది. మేక్-2లో ప్రభుత్వం ఒక్క రూపాయి పెట్టదు, మన డబ్బుతో మనం చేసి చూపిస్తే, పరీక్షల్లో నెగ్గితే, కొనుగోలు దారి తెరుచుకుంటుంది. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయని మేక్-2ను గ్రాంటు అనుకొని దరఖాస్తు చేసినవాళ్లను నేను చూశాను, అందుకే చెప్తున్నాను.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మావాడి ఆలోచన ఏంటంటే, కెమెరా మోసే మాస్ట్, అంటే గొట్టంలో గొట్టం జారుతూ పైకి లేచే స్తంభం. మడిచిపెడితే జీపులో పట్టాలి, లేపితే 6 మీటర్లు లేవాలి, పైన 15 కిలోల కెమెరా ఊగకుండా నిలబడాలి. ఎలివేటర్లు చేసిచేసి, బరువును పైకి తీసుకెళ్లడంలో వాడికి మంచి చేయి ఉంది. ఖర్చు ఎంతవుతుంది అంటే చాలా సేపు లెక్కేసి కోటీ అరవై లక్షలు అన్నాడు. సరే, అందులో గ్రాంటు సగం, 80 లక్షలు. మిగతా 80 వాడిది. ఊహకు అయిదు విడతలు అనుకుందాం, విడతకు 16 లక్షలు. ప్రతి విడతా ఒక మైలురాయికి కట్టి ఉంటుంది. మైలురాయి చేరాం అని మనం చెప్పాలి, ఇంక్యుబేటర్ వాళ్లు (కొత్త కంపెనీలకు చేదోడుగా ఉండే సంస్థ), సైన్యం తరఫున ఉండే నోడల్ అధికారి చూడాలి, ఖర్చు లెక్కలు ఆడిటర్ సంతకంతో వెళ్లాలి, ఆ తర్వాత డబ్బు విడుదల.

ఇక్కడ ఎవరూ మోసం చేయడం లేదు, ఎవరూ కావాలని ఆపడం లేదు. కానీ నోడల్ అధికారి బదిలీ అవుతాడు, కొత్తాయన వచ్చి ఫైలు చదువుకోవాలి. మీటింగు వాయిదా పడుతుంది. మనం పంపిన లెక్కలో ఒక బిల్లు మీద పేరు తప్పుంటుంది, వెనక్కి వస్తుంది. మూడు నెలలు ఆలస్యమైందనుకోండి. ఆ మూడు నెలలూ ఇద్దరు ఇంజనీర్లకు, ఒక వెల్డర్‌కు జీతాలు, షెడ్డు అద్దె, కరెంటు, మెషిన్ ఈఎంఐ కలిపి నెలకు 4 లక్షలు అనుకుంటే 12 లక్షలు. ఈ 12 లక్షలు ఏ బడ్జెట్ షీట్‌లోనూ లేవు. గ్రాంటు 80లోనూ లేవు, మన 80లోనూ లేవు. నాకు తెలిసిన ఒకతను, ఎలక్ట్రానిక్స్ బోర్డులు చేస్తాడు, గ్రాంటు ఒప్పందం చేతిలో పెట్టుకొని భార్య నగలు కుదువపెట్టి జీతాలిచ్చాడు. డబ్బు వచ్చింది, నగలు కూడా విడిపించాడు, కానీ విడత ఆలస్యమైన నాలుగు నెలల్లో అతని దగ్గర పని నేర్చిన కుర్రాడు ఒకడు వేరే కంపెనీకి వెళ్లిపోయాడు, ఆ కుర్రాడే సాఫ్ట్‌వేర్ రాసినవాడు. ఆ నష్టాన్ని ఏ విడతా పూడ్చదు.

కాబట్టి మావాడికి చెప్పింది ఇది: నీ వాటా 80 లక్షలు కాదు, 80 ప్లస్ ఆరు నెలల షెడ్డు ఖర్చు. అది లేకపోతే చిన్న వస్తువుతో మొదలుపెట్టు. బ్యాంకుకు వెళ్లేటప్పుడు చిన్న పరిశ్రమలకిచ్చే క్రెడిట్ గ్యారంటీ పథకం ఉంది, 2025 బడ్జెట్‌లో ఆ పరిమితిని 5 కోట్ల నుంచి 10 కోట్లకు పెంచారు, దాని కింద తాకట్టు లేకుండా వర్కింగ్ క్యాపిటల్ అడగొచ్చు. బ్రాంచి మేనేజరుకు ఈ గ్రాంటు గురించి తెలియకపోవచ్చు, ఒప్పందం కాపీ, విడతల పట్టిక చేతిలో పెట్టుకొని కూర్చొని ఓపికగా చెప్పాలి. ఇంకో మాట, షెడ్డులో ఉన్న పాత మెషిన్ల విలువను మన వాటాగా చూపిద్దామని అందరికీ అనిపిస్తుంది. ఎంతవరకు ఒప్పుకుంటారో ఒప్పందం ముసాయిదాలో చూసి, రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే లెక్కలో వేయాలి.

మైలురాళ్లు రాయడం ఒక పనితనం, డ్రాయింగ్ గీసినట్టే. మావాడు మొదట రాసిన పట్టికలో మొదటి మైలురాయి "డిజైన్ పూర్తి", రెండోది "ప్రోటోటైప్ పూర్తి", మూడోది "టెస్టింగ్ పూర్తి". ఇదెవరు కొలుస్తారు? పూర్తి అంటే ఏంటి? నువ్వు పూర్తయింది అంటావు, చూడ్డానికి వచ్చినాయన కాలేదు అంటాడు, విడత అక్కడే ఆగిపోతుంది. మేం కూర్చొని మార్చాం. "నాలుగు గొట్టాల మాస్ట్, 15 కిలోల బరువుతో 6 మీటర్లకు 200 సార్లు లేచి దిగాలి, ఎక్కడా చేత్తో తట్టాల్సిన అవసరం రాకూడదు" అని. ఇప్పుడు ఎవరైనా వచ్చి స్టూలేసుకొని కూర్చొని లెక్కపెట్టుకోవచ్చు.

అలా రాశాక వాడే స్వయంగా షెడ్డు వెనక పెట్టి చూశాడు. చెల్కలోంచి ఎర్రమట్టి తెచ్చి, జల్లెడ పట్టి, మాస్ట్ మీద చల్లుతూ లేపాడు. పదకొండోసారి మూడో గొట్టం పట్టేసింది. విప్పి చూస్తే గొట్టానికీ గొట్టానికీ మధ్య, గ్రీజులో, మట్టి ముద్దలా చేరి సాన రాయిలా గీకేసింది, అల్యూమినియం మీద పొడుగునా గీతలు. వేలితో తడిమితే తెలుస్తుంది ఎంత లోతో. రైస్ మిల్లులో తవుడు దుమ్ము మెత్తగా ఉంటుంది, అక్కడ ఆ సందు సరిపోయేది. ఇక్కడ గొట్టం మూతి దగ్గర మట్టిని తుడిచేసే రబ్బరు సీలు కావాలి, గొట్టానికి గట్టి ఆనోడైజింగ్ (అల్యూమినియం మీద వేసే గట్టి పొర) కావాలి, గ్రీజు అసలు వద్దు. ఆ ఒక్క మధ్యాహ్నం అయిన ఖర్చు రెండు గొట్టాలు. అదే ఒప్పందం అయ్యాక, రాజస్థాన్ ఇసుకలో అధికారుల ముందు పట్టేసి ఉంటే పోయేది ఒక విడత, ఆరు నెలలు. నాకైతే ఆ గీతలు పడ్డ గొట్టాన్ని చూశాకే వాడు దీన్ని నిజంగా చేయగలడు అనిపించింది.

మొదటి దరఖాస్తు తిరస్కరించారు. అది ఓపెన్ ఛాలెంజ్‌లో, నన్ను అడగకుండానే ఎవరో రాసిచ్చింది పెట్టేశాడు. తర్వాత చదివాను. నాలుగు పేజీల నిండా షెడ్డులో ఏ మెషిన్లున్నాయి, ఎన్నేళ్ల అనుభవం, ఏది కావాలన్నా చేసిస్తాం అని ఉంది. ఏది కావాలన్నా చేసిస్తాం అనేది జాబ్‌వర్క్ అడిగేటప్పుడు చెప్పే మాట. గ్రాంటు ఇచ్చేవాళ్లు అడిగేది వేరు: ఇప్పుడు సైనికుడు ఏం వాడుతున్నాడు, దాంతో ఎక్కడ ఇబ్బంది, నీది వస్తే ఏం మారుతుంది, ఇప్పటివరకు ఎవరూ ఎందుకు చేయలేదు, నీకు తెలిసి మిగతావాళ్లకు తెలియనిది ఏంటి. ఈ చివరిదానికి వాడి దగ్గర మంచి జవాబుంది, పదమూడేళ్లుగా దుమ్ములో తిరిగే గొలుసులు, షాఫ్టులతో వేగిన అనుభవం. అది దరఖాస్తులో ఒక్క వాక్యం కూడా లేదు. మన దగ్గర ఇదే ఎక్కువ జరుగుతుంది. చేతిలో ఉన్న విద్యను తక్కువ చేసుకొని, బ్రోచర్ భాష అరువు తెచ్చుకుంటాం.

పరీక్షల ఖర్చు ఎక్కువమంది బడ్జెట్‌లో వేయరు, వేసినా చాలా తక్కువ వేస్తారు. మిలిటరీకి వెళ్లే ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ పరికరాలకు జేఎస్ఎస్ 55555 అనే ప్రమాణం ఉంది. వేడి, చలి, తేమ, దుమ్ము, వాన, అదురు, కుదుపు, ఒక్కోదానికి ఒక్కో పరీక్ష. ఎలక్ట్రానిక్స్ ఉంటే చుట్టూ ఉన్న రేడియోలను పాడుచేయకుండా, వాటివల్ల తాను పాడవకుండా ఉందా అని చూసే పరీక్షలు వేరే. ఈ పరీక్షలు చేసే ఛాంబర్లు గంటల లెక్కన అద్దెకు దొరుకుతాయి. ఒకసారి ఫెయిలైతే మళ్లీ సరిచేసుకొని మళ్లీ అద్దె. ఒక్కో పరీక్షకు కనీసం రెండుసార్ల డబ్బు వేసుకోవాలని నా సలహా. ప్రోటోటైప్ దశలో ఖర్చు తగ్గించుకోవడానికి మనకు హైదరాబాద్ దగ్గరుండడం పెద్ద బలం. రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ ఉంది, లక్షలు పోసి కొనాల్సిన మెషిన్ల మీద పని అక్కడ చేయించుకోవచ్చు. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీ, కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ, ఉంది, డై, టూలింగ్ విషయంలో దానికి మించింది లేదు. హైదరాబాద్ స్టార్టప్ కేంద్రం టీ-హబ్ ఐడెక్స్‌కు భాగస్వామి ఇంక్యుబేటర్. కంచన్‌బాగ్ చుట్టూ డీఆర్‌డీవో ల్యాబులు, క్షిపణులు చేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని. మన యాదగిరిగుట్ట పక్కన పెద్దకందుకూరులో క్షిపణులకు ఘన ఇంధనం తయారుచేసే ప్రైవేటు కంపెనీ ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. అంటే ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు.

ఇక అందరూ తప్పు అర్థం చేసుకునే ఇంకో సంగతి, గ్రాంటు వచ్చింది అంటే ఆర్డరు వచ్చినట్టు కాదు. ఐడెక్స్ కింద 2025 ఫిబ్రవరి నాటికి 430 ఒప్పందాలు కుదిరాయి. అందులోంచి సైన్యం కొనుగోలు దాకా వెళ్లినవి పదుల్లోనే ఉన్నాయి. కొన్ని ఇంకా తయారీలో ఉన్నాయి, కొన్ని పరీక్షల్లో, కొన్ని ఆగిపోయాయి. ప్రోటోటైప్ నెగ్గాక వాడకందారుల ట్రయల్స్ ఉంటాయి, ఆ తర్వాత ఇది మాకు అవసరమే అని సంబంధిత కమిటీ ఆమోదం, ఆ తర్వాత ధర అడిగే పత్రం, బేరం, కాంట్రాక్టు. 2022లో ఈ దారిని సులువు చేసి, అవసరం ఒప్పుకున్న రోజు నుంచి కాంట్రాక్టు దాకా దాదాపు 22 వారాలకు కుదించారు. మంచి మార్పే. కానీ ఆ 22 వారాల గడియారం మొదలయ్యేది అవసరం ఒప్పుకున్న రోజు నుంచి. ట్రయల్స్‌కు, ఆ రోజుకు మధ్య ఎంత కాలం పడుతుందో అన్నది వేరే సంగతి. అందుకే సైన్యం ఒక్కటే కొనే వస్తువు కంటే, ఇంకెవరైనా కూడా కొనే వస్తువును చిన్నవాళ్లు ఎంచుకోవాలంటాను. మాస్ట్ అయితే పోలీసులకు పనికొస్తుంది, జాతర్లలో కెమెరాలు పెట్టడానికి పనికొస్తుంది, టెలికాం వాళ్లు తాత్కాలికంగా సిగ్నల్ పెట్టడానికి వాడతారు. మేధోహక్కు మన దగ్గరే ఉండడం ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

పన్ను గురించి రెండు మాటలు. 2015 ఫైనాన్స్ చట్టం నుంచి ప్రభుత్వ గ్రాంటులు, సబ్సిడీలు ఆదాయం కిందికి వచ్చాయి, ఏదైనా ఆస్తి కొనడానికి వాడి దాని ధరలోంచి తగ్గించుకున్నవి తప్ప. అంటే మార్చిలో విడత పడి, దాని ఖర్చు ఏప్రిల్ తర్వాత అయితే, ఆడిటర్ ముందే చూసుకోకపోతే ఖర్చు పెట్టని డబ్బు మీద పన్ను లెక్క తేలొచ్చు. గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా పెట్టుకోవాలి, రైస్ మిల్లు డబ్బు అందులోకి రాకూడదు, గ్రాంటు డబ్బు మిల్లు పనికి కొన్న స్టీలుకు వెళ్లకూడదు. ప్రతి బిల్లు మీద ప్రాజెక్టు పేరు రాయించుకోవాలి. మావాడు గడియారం సెంటర్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో బోల్టులు కొని తెల్ల చీటీ మీద లెక్క రాయించుకొచ్చే అలవాటున్నవాడు. ఇప్పుడు జీఎస్టీ బిల్లు లేకుండా వాషర్ కూడా తేవట్లేదు.

రెండోసారి దరఖాస్తు పోయిన నెల పెట్టాడు. ఈసారి ఆరు పేజీలు, అందులో ఒక పేజీ మొత్తం ఆ గీతలు పడ్డ గొట్టం ఫోటో, కింద పదకొండోసారి ఎందుకు పట్టేసింది, రబ్బరు సీలు వేశాక ఎన్నిసార్లు లేచింది అన్న లెక్క. నిన్న రాత్రి ఫోన్ చేశాడు, 340 సార్లు దాటిందంట, సీలు ఒకవైపు అరుగుతోందంట. "రబ్బరు మార్చాల్నా, మూతి కోణం మార్చాల్నా అన్నా?" అని అడిగాడు. ముందు కోణం మార్చి చూడు, రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు అన్నాను. పొద్దున కొత్త రింగు లేత్ మీద ఎక్కించిన ఫోటో పంపాడు.